బల్బు తెల్లగా నవ్విన మధ్యాహ్నం

మాన్యులైన పాఠకులకు ముందుగా సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఆయన బిరుదులు, సన్మానాలు వరసగా చెప్పాలని నాకు తెలుసు. బి.ఏ. చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? కానీ మా గోడ పక్కింటి చాచాకు బిరుదుల్లేవు. ఉన్నదల్లా చెవి సందున ఒక టెస్టరు. ఈ స్మృతి నిండా ప్లగ్గులూ ఫ్యూజులే కనపడుతున్నందుకు తెలుగు సాహిత్యం నన్ను మన్నించాలి.

కబురు మొన్న దీపాలు పెట్టే వేళకు ఎమ్మిగనూరు బస్సులో వచ్చింది. ఆయన అల్లుడు ఆదోని బస్టాండులో దిగి నేరుగా మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు. "మామ పోయినాడు సార్. సాయంత్రం అసర్ నమాజుకు లేపితే లేవలే" అన్నాడు మా నాన్నతో. ఆ మాట విని నేను చేసిన మొదటి పని తలెత్తి బల్బు వైపు చూడటం. అది పసుప్పచ్చగానే ఉంది.

అలా చూడటం చాచా నేర్పిందే. "బల్బు పసుప్పచ్చగా ఉన్నంతసేపు నిమ్మళంగా ఉండు బేటా. తెల్లగా నవ్విందంటే పరిగెత్తి ప్లగ్గు పీకు" అనేవాడు. మసకబారితే అందరూ తిట్టుకుంటారు గానీ, వెలుగు ఎక్కువైనప్పుడు భయపడిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

చాచా ఒకప్పుడు పత్తి మిల్లులో వైర్‌మన్. ఒక చిన్న రవ్వ పడి ఆ మిల్లు గోడౌను తగలబడింది. ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు అప్పటినుంచీ వంగవు. "పత్తిలో పడిన నిప్పు పైకి కనపడదప్పా. లోపల్లోపలే తింటా పోతాది" అని ఒకసారి చెప్పాడు. ఆ తర్వాత ఆయన ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్ళు అడగడు. ప్లగ్గు మీద వేళ్ళ వెనకభాగం ఆనించి వేడి చూస్తాడు. పిల్లవాడికి జ్వరం చూసినట్టు. తర్వాత స్విచ్చుబోర్డును వాసన చూస్తాడు. మా అమ్మ, "ఏమన్నా, కూర వాసనా?" అని ఎగతాళి చేస్తే, "మాడు వాసన చెల్లెమ్మా, మాడు వాసన" అనేవాడు, నవ్వకుండా.

మా వీధికి మొదటి టీవీ మా ఇంటికే వచ్చింది. గదిలో ప్లగ్గు ఒక మూలా, టీవీ ఇంకో మూలా. మా నాన్న బజారు నుంచి ఎర్రలైటున్న ప్లాస్టిక్ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి పట్టుకొచ్చాడు. చాచా దాన్ని అరచేతిలో పెట్టి తూకం చూశాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు దూర్చి తలకిందులు చేశాడు. ప్లగ్గు జారి కిందపడింది.

"చూసినావా సారూ? పట్టు లేదు. పట్టు లేనిచోట రవ్వలు పుడతాయి. మూడో చిల్లికి లోపల తీగ లేనే లేదు, ఉత్త చిల్లి!"

"మరి ఆ లైటు బాగుంది కదయ్యా?"

"లైటు టీవీని కాపాడుతుందా సారూ?"

వారం తర్వాత ఆయనే ఒక చెక్కపెట్టె చేసి తెచ్చాడు. శవపేటికలా బరువు. లోపల సన్నని ఫ్యూజు తీగ, దాని పక్కన బళ్ళారి నుంచి తెప్పించిన నీలం బిళ్ళ. "కరెంటు మితిమీరి వచ్చిందనుకో, ఈ బిళ్ళ ముందుకు పడి తను సస్తాది. సస్తా సస్తా ఫ్యూజును తెంపి పోతాది. టీవీకి తెలీనే తెలీదు. ఈ పెట్టెలో టీవీ తప్ప ఇంకేం పెట్టొద్దు. ఫ్యూజు పోతే నన్ను పిలువు, నువ్వు ముట్టొద్దు." చివరి మాట నా వైపు చూసి అన్నాడు. నేను చెయ్యెత్తి నమస్కరించాను, నాటకంలో మంత్రిలాగ.

తర్వాత టీవీ కొన్న ప్రతి ఇంటికీ అలాంటి పెట్టే వెళ్ళింది. "చాచా పెట్టె ఉంటే చాలు" అనేవారు మా వీధిలో. ఆ మాట వినపడితే ఆయన చెవి సందున టెస్టరు సర్దుకునేవాడు. అంతకు మించిన గర్వం ఆయన దగ్గర నేను చూడలేదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. ఇల్లంతా చీకటైతే అమ్మ లైటు వేసింది. బయట తీగలు ఊగి ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. గదిలో మంచం మీద మా అవ్వ నిద్రపోతోంది. ఫ్యాను ఉన్నట్టుండి ఈల వేసింది. బల్బు తెల్లబడింది. గది గోడలు సున్నం కొత్తగా వేసినట్టు మెరిశాయి. నేను పరిగెత్తాలి. పరిగెత్తలేదు, అంత అందమైన వెలుగును అంతవరకూ చూడలేదు. చెక్కపెట్టె లోంచి పొగ, ఆ వెంటనే మంట, పక్కనున్న పరదాకు అంటుకుంది.

అమ్మ కేకకు చాచా గోడ దూకి వచ్చాడు. మెయిన్ పీకాడు. వంగని వేళ్ళతోనే పరదా లాగి పారేసి, అవ్వను చేతులమీద బయటికి మోసుకొచ్చాడు. అవ్వకు ఏమీ కాలేదు. "ఎవర్రా నన్ను ఎత్తినాది?" అని తిట్టింది కూడా.

వీధంతా చేరింది. "ఏందప్పా చాచా, నీ పెట్టె కాపాడుతాదన్నావే?" అన్నారెవరో. ఆయన పెట్టె మూత విప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. మూత పెట్టేసి మా నాన్నతో అన్నాడు: "నా పని బాగలేదు సారూ. మాఫ్ చేయి."

మరుసటి రోజు ఆయనే ఇల్లిల్లూ తిరిగి, "నా పెట్టె వాపసు ఇయ్యండి, నమ్మొద్దు దాన్ని" అని అడిగి తెచ్చుకున్నాడు. పెట్టెలన్నీ ఆయన అరుగు మీద కుప్పపడ్డాయి. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు. కొన్నాళ్ళకు ఎమ్మిగనూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. బస్సెక్కేటప్పుడు నా చేతి వేళ్ళు పట్టుకుని చూశాడు. "బల్బును చూస్తా ఉండు బేటా" అన్నాడు, అంతే.

ఇక నేను నిజంగా చేసింది ఒకటుంది.

ఆ దుమ్ముగాలికి ముందు ఒక ఆదివారం, టీవీలో సినిమా మధ్యలో, ప్యాంటు నలిగిందని అదే పెట్టెలో ఇస్త్రీపెట్టె పెట్టాను. ఫ్యూజు పోయింది. ముప్పైమంది నా మొహం చూస్తున్నారు. చాచాను పిలిస్తే తిడతాడు. పాత వైరు లోంచి రాగి పోగులు మూడు మెలిపెట్టి, ఇక తెగకుండా లావుగా ఫ్యూజులో బిగించాను. సినిమా వచ్చింది, ఈలలు వేశారు, నేను హీరోనయ్యాను. పిలిస్తే ఇంకో మూడిళ్ళకు కూడా వెళ్ళి అదే వైద్యం చేశాను.

మంటలు ఆరిన రోజు మూత పెట్టాక చాచా నన్ను గోడ వెనక్కి తీసుకుపోయి ఒకే మాట అడిగాడు: "ఇంకా యా యా ఇండ్లల్లో ఏసినావు?" మూడు వేళ్ళు చూపించాను. ఆ మూడిళ్ళకే పోయి పెట్టెలు అడిగితే నా సంగతి వీధికి తెలిసిపోతుంది. అందుకే ఆయన అన్ని ఇళ్ళకూ పోయాడు.

నీలం బిళ్ళ తన మాట ప్రకారం ముందుకు పడి చచ్చింది. బొగ్గయిన ఆ పెట్టెలో చెక్కుచెదరకుండా ఎర్రగా మెరుస్తూ మిగిలింది నేను బిగించిన రాగి తీగ ఒక్కటే.