మొహం చూడందే సంతకం పెట్టదు

అందుకే ముందే చెబుతున్నాను, వెరా పెట్రిష్‌ని కలవాలంటే ఫొటో ఉన్న కార్డు జేబులో పెట్టుకుని మరీ వెళ్లండి. లేకపోతే మీరు మీరేనని ఆవిడ చచ్చినా ఒప్పుకోదు.

కెనడాలోని సాస్కటూన్‌ ఊళ్లో మా యూనివర్సిటీ కింది అంతస్తులో క్యాంటీన్ నాది. పైన వెరా ఆఫీసు. అక్కడి పని నాకు అర్థమైనంతలో చెబుతాను. ఒక దేశం యూనివర్సిటీలో ఉన్న పెద్ద కంప్యూటర్‌ని ఇంకో దేశం వాళ్లు వాడుకోవాలంటే, ఈ మనిషి నిజంగా ఈ మనిషే అని దానికి చూపించే డిజిటల్ సర్టిఫికెట్ కావాలి. అది ఇచ్చే ముందు ఎవరో ఒకరు ఆ మనిషి మొహాన్నీ కార్డునీ ఎదురుగా నిలబడి చూడాలని అన్ని దేశాల వాళ్లూ కూర్చుని రూలు పెట్టుకున్నారు. మిగతా వాళ్లకి అది రూలు. వెరాకి ఊపిరి.

ఏళ్ల తరబడి నా దగ్గరే సూప్ తాగుతోందా, ఒకసారి నేను జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చాను.

"కార్డేదీ డోరీన్?"

"రోజూ నీకు సూప్ పోసే చెయ్యి ఇదే కదే!"

"చెయ్యి సరే. తలకాయ మారింది."

చూపించేదాకా గరిటె కింద గిన్నె పెట్టలేదు.

పెళ్లిలో పాస్టర్ "ఇతన్ని భర్తగా స్వీకరిస్తావా?" అంటే "ఒక్క నిమిషం" అని పెళ్లికొడుకు స్టాన్‌ని డ్రైవింగ్ లైసెన్సు అడిగిందట. ఈ మాట స్టానే చెబుతాడు, అదీ గర్వంగా.

పోయిన మార్చిలో మెక్సికోలో హిమేనా అనే పిల్లకి కష్టం వచ్చిపడింది. ఏ కొండ ఎప్పుడు విరిగి ఊళ్ల మీద పడుతుందో లెక్కలు కట్టే పిల్ల. ఆ లెక్కలకి మా కంప్యూటర్ సోమవారం వరకే ఇచ్చారు. ఆమె సర్టిఫికెట్ గడువేమో అయిపోయింది. అక్కడ మొహం చూసి సంతకం పెట్టే ఆయన ఉద్యోగం మానేశాడు. ఈమె నిండు చూలాలు, ఊరు దాటొద్దన్నాడు డాక్టరు.

వెరా పై అధికారి గోర్డన్ క్యాంటీన్‌కి పరిగెత్తుకొచ్చాడు.

"వీడియోలో చూసి ఇచ్చెయ్యవే తల్లీ! పాపం, రెండేళ్ల కష్టం మట్టిలో కలిసిపోతుంది."

"తెర మీద కనబడేది బొమ్మ. మొహం కాదు."

"గుండెనా, బండరాయా అది?"

"ఏమో. నేను సెలవు పెడుతున్నా. కాస్త వెచ్చగా ఉండే చోటికి పోతా."

సూప్ సగంలో వదిలేసి వెళ్లిపోయింది. ఆవిణ్ణి తిట్టని వాళ్లు లేరు. చల్లారిపోయిన సూప్‌ని మేం 'వెరా' అని పిలవడం మొదలుపెట్టాం.

మంగళవారం గోర్డన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. స్పీకర్లో హిమేనా నవ్వుతోంది.

"మీ వెరాగారు శుక్రవారం మా గుమ్మంలో దిగారండీ! విమానం, బస్సు, ఆఖర్న టమాటాల లారీ. తలుపు తీస్తే పలకరింపు లేదు, 'కార్డు' అన్నారు. కార్డు చూశారు, నా మొహం చూశారు, అప్పుడు గట్టిగా వాటేసుకున్నారు. 'నిన్ను నేను చూశాను. ఇక ఏ మెషీనూ నిన్ను కాదనలేదు' అన్నారు. ఆదివారానికల్లా లెక్కలు పూర్తయ్యాయి."

"మాకొక్క మాట చెప్పొచ్చుగా!" అన్నాడు గోర్డన్.

"చెబితే మీరు మీటింగు పెడతారట. అది తేలేసరికి నా బిడ్డ కాలేజీకొస్తాడట."

గోర్డన్ నా వైపు చూడలేదు. నేను సూప్ కుండ వైపు చూశాను.

"ఇప్పుడెక్కడుందమ్మా మా వెరా?" అనడిగాను.

"నిన్న పొద్దున నాకు బాబు పుట్టాడండీ. ఎత్తుకుని ఒకటే ముద్దులు. తర్వాత 'బంగారుకొండే, కానీ వీడు వీడేనని రుజువేదీ?' అంటూ వాడి బర్త్ సర్టిఫికెట్ కోసం మునిసిపల్ ఆఫీసుకి పోయారు. ఊళ్లో ఉత్సవం, రేపటిదాకా తలుపులు తియ్యరని చెప్పినా వినరు. మెట్ల మీదే కూర్చున్నారు. అమ్మ అక్కడికే భోజనం పంపుతోంది."

"తీశాక ఇచ్చేస్తారుగా?"

"అదేనండీ చిక్కు. వాడికి మేమింకా పేరే పెట్టలేదు. ఆ ముక్క ఆవిడకి ఎవరు చెప్పాలా అని ఇక్కడ వంతులేసుకుంటున్నాం."