సిల్వా పుట్టిల్లు

మా చెట్ల తోటలో టికెట్లు చింపేది నేను, తోట తిప్పి చూపించేది బాబాయ్. వరసకు ఆయన ఎవరికీ ఏమీ కాడు. అయినా తోటమాలులకీ, కాంటీను ఆవిడకీ, నాకూ అందరికీ బాబాయే. వెనకాల మాత్రం లాటిన్ బాబాయ్ అనుకుంటాం. ఏ చెట్టుకు తగిలించిన రేకు మీద ఏ లాటిన్ పేరుందో చూడకుండా చెబుతాడు, దాని అర్థం చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదనుకునేదాన్ని. ఒక్క గింజ మాత్రం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నానుతూనే ఉందని తర్వాత తెలిసింది.

ఆయన పాఠం నా కిటికీ ఎదురుగా ఉన్న అడవి ఆపిల్ చెట్టు దగ్గర మొదలవుతుంది. రేకు మీద 'మాలుస్ సిల్వెస్ట్రిస్' అని ఉంటుంది. సిల్వా అంటే లాటిన్‌లో అడవి, సిల్వెస్ట్రిస్ అంటే అడవిది, ఒకరు నాటకుండా దానంతటది పెరిగేది అని చెప్పేవాడు. ఆ సిల్వాలోంచే 'అడవివాడు' అన్న మాట పుట్టి, కొన్ని భాషల్లో అరిగి అరిగి చివరికి మోటువాడు అన్న తిట్టయి కూర్చుందట. అక్కడ అందరూ నవ్వేవాళ్లు. ఆ తర్వాత సిల్వా పుట్టిల్లు. గ్రీకువాళ్లు అడవిని 'హ్యూలే' అనేవాళ్లు, మన సిల్వా ఆ ఇంటి ఆడపడుచే, గొప్పింటి పిల్ల అనేవాడు. అనేసి, నేనూ అడవిలో పుట్టినవాణ్ణే, మా నాన్నగారు అడవి ఆఫీసరు అని తన సంగతిలోకి దిగేవాడు. మొదట్లో ఆ కథలో బంగళా ఒక్కటే ఉండేదని పాత తోటమాలి అంటాడు. తర్వాత గుర్రం వచ్చింది. నేను చేరేనాటికి వంటవాడు కూడా కుదిరాడు.

కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ చదువుకున్న మనిషి. ఒకరోజు ఆయన్ని పిలిచి, ఆ గ్రీకు చుట్టరికం ఎవరూ రుజువు చేయలేదని నెమ్మదిగా చెప్పిందట. రెండు మాటల అర్థం ఒకటే కదా అని పాతకాలం పండితులు వరస కలిపేశారు, ఆ మోజులో రాతలో ఒక అక్షరం కూడా మార్చుకున్నారు. సిల్వా అసలు ఎక్కడ పుట్టిందో ఇవాళ్టికీ తేలలేదు, ఎవరైనా అడిగితే తెలియదని చెప్పండి, తప్పేం లేదు అందట. బాబాయ్ వచ్చి నా కిటికీ దగ్గర మూతి ముడుచుకుని నిలబడ్డాడు. తెలియదని చెప్పడానికి నేనెందుకు, ఆ చెట్టు చాలదా అన్నాడు.

తర్వాతి ఆదివారం ఒక బస్సు నిండా ఆడవాళ్లు దిగారు. అందరూ ఒకే కట్టెల అడితిలో పనిచేసేవాళ్లు. ఆయన ఎలా చెబుతున్నాడో విందామని డైరెక్టరమ్మ కూడా గుంపులో నిలబడింది. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. మోసీ మోసీ ఒక భుజం కిందికి వాలిపోయింది. బాబాయ్‌ని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. అందరినీ పక్కకు తప్పించుకుంటూ ముందుకు వచ్చేసింది. ఆయన తల ఎత్తలేదు, అలవాటు ప్రకారం నాన్నగారి దాకా వచ్చేశాడు. అడవి ఆఫీసరు, బంగళా, గుర్రం. ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది.

ఆవిడ అలా ఆగిపోవడం డైరెక్టరమ్మ కంట పడింది. ఈయన మీకు తెలుసా అని ఆ పెద్దావిడ్ని అడిగింది. బాబాయ్ అప్పుడు తలెత్తాడు, ఆవిడ్ని చూశాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన రేకు వైపు తిరిగి, అందులో ఏదో కొత్తగా రాసి ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

"తెలియకేమమ్మా," అంది ఆవిడ. "వాళ్లింటికి కట్టెలు వేసేదాన్ని. ఆఫీసరు బాబు చాలా మంచివారు. గుర్రం మీద వచ్చేవారు."

బాబాయ్ కాదనలేదు. గుంపులో ఎవరో పాపం మామూలుగానే, ఇంతకీ ఆ సిల్వా అన్న మాట ఎక్కడిదండీ అని అడిగారు. తెలియదన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. గ్రీకు గురించి కాదు ఆ తెలియకపోవడం అని అప్పుడు నాకు తట్టలేదు. డైరెక్టరమ్మ మాత్రం మెచ్చుకోలుగా తల ఊపింది, అది చూసి ఆయన ఇంకా కుంగిపోయాడు.

బస్సు బయల్దేరే ముందు ఆ పెద్దావిడ నీళ్ల కోసం నా గది పక్కనున్న కుళాయి దగ్గరికి వచ్చింది. వెనకాలే బాబాయ్ వచ్చాడు. లోపల నేనున్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

"సరిగ్గానే చెప్పానా?" అని ఆవిడే అడిగింది. "ఎక్కడన్నా తప్పు పోయిందా?"

ముడుచుకుపోయిన ఆయన కాలరు సరిచేయబోయి, అటూ ఇటూ చూసి, ఆవిడ చెయ్యి వెనక్కి తీసేసుకుని వెళ్లి బస్సెక్కింది.

ఆయన నా స్టూలు మీద కూలబడి, ఆవిడ మా అక్క అన్నాడు. ఇద్దరికీ అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. అక్క కట్టెల మోపులు మోసి తమ్ముణ్ణి చదివించింది. బెరడు వాసన చూసి చెట్టు పేరు చెప్పడం ఆ మోపుల్లోంచే వచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు అప్పటి పెద్దసారు, నీకింత ఎలా తెలుసని అడిగితే సిగ్గుపడి నాన్నను ఆఫీసరును చేశాడు. అక్క ఇంటికి తను వెళ్లి వస్తూనే ఉన్నాడు, ఆవిడనే ఇటు రానివ్వలేదు. ఎండ, దూరం, నువ్వు నడవలేవు అని ఎప్పటికప్పుడు ఆపుతూ వచ్చాడు. తమ్ముణ్ణి సంతోషపెడదామని ఆవిడ చెప్పకుండా వచ్చింది.

"నేను పరాయిదాన్ని చేశానంటే సరే, తనే పరాయిదైపోయిందే," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముందు వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకో బాబాయ్, లాటిన్ తర్వాత చూద్దాం అన్నాను.

ఆయన ముందు డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్లి, అంతా చెప్పి క్షమించమన్నాడు. ఆవిడ విని, నన్ను వేరే ఏమీ అడక్కండి, రేపటి పాఠం సరిగ్గా చెప్పండి అంది. మర్నాటి నుంచి అడవి ఆపిల్ దగ్గర పాఠం మారిపోయింది. సిల్వా పుట్టిల్లు తెలియదు, గొప్పవాళ్లతో వరస కలిపింది మనుషులే అనేవాడు. నేనూ అలాగే కలుపుకున్నాను, ఆఫీసరూ లేడు గుర్రమూ లేదు, కట్టెలు మోసి నన్ను పెంచింది మా అక్క అనేవాడు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు ఇబ్బందిగా రేకు చదువుకునేవాళ్లు. ముక్కూ ముఖం తెలియని వాళ్లందరికీ చెప్పాడు. అక్క ఎదుట పడటానికి మాత్రం ముఖం చెల్లలేదు. ఇవాళ రేపు అంటూ వానాకాలం గడిపేశాడు.

చివరికి ఆవిడే వచ్చింది. తమ్ముడు ఇన్నాళ్లు రాకపోయేసరికి ఒంట్లో బాగాలేదేమోనని భయపడిందట. కిటికీ దగ్గర నిలబడి, "సారు బాగున్నారా అమ్మా? వాళ్లింటికి కట్టెలు వేసేదాన్ని," అంది.

బాబాయ్ నా వెనకే టీ తాగుతున్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టబోతే సగం ఒలికింది. తలుపు తీసుకుని బయటికి వెళ్లి, గేటు దగ్గర అంతమంది ఉండగా, గట్టిగా పిలిచాడు.

"అక్కా."

ఆవిడ గబుక్కున నా వైపు చూసింది, లైన్లో ఉన్నవాళ్ల వైపు చూసింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"మెల్లగా అనరా, ఎవరన్నా వింటారు."