జక్రయ్య మాస్టారు తీసుకున్న మేర

అది కాదండీ, మీరు బస్సు దిగ్గానే చూసేది ఆ కొట్ల వరసే గదా. సోడా కొట్టు, పురుగుమందుల కొట్టు, సైకిలు షాపు, చివర్న ఎరువుల డిపో. పైన నీలం రంగుతో హైస్కూలు పేరు రాసుంటుంది. వాటి వెనకాల మూడెకరాల నేల. వేసవి ముందు అక్కడ ఎర్రగా మిరపకాయలు పరిచి ఉంటాయి. ఎవరిదో కళ్ళం అనుకుంటారు మీరు. ఎవరైనా అట్టాగే అనుకుంటారు. కాదు. అది బడిపిల్లలు ఆడుకునే స్థలం. అంటే, కావాల్సింది. దాని కోసం మా జక్రయ్య మాస్టారు ఏమైపోయాడో చెబుతా. బడి గేటుకి ఎదురుగా దూది ఏకే కొట్టు నాదే. అన్నీ నా కళ్ళ ముందు జరిగినయ్యే.

జక్రయ్య ఆ బళ్ళో డ్రిల్లు మాస్టారు. వెదురుబద్దలాగా పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ నిక్కరు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెళ్ళో విజిలు. యుద్ధం రోజుల్లో మిలట్రీలో చేరి, తిరిగొచ్చాక ఈ ఉద్యోగం సంపాయించాడు. వాళ్ళ నాయన మా ఊరి మాదిగపల్లెలో చెప్పులు కుట్టేవాడు, మోటబావుల్లో నీళ్ళు తోడే తోలు బానలు కుట్టేవాడు. ఆ పనికి జీతం అంటూ ఉండదు. పంట చేతికొచ్చిన రోజున రైతు కళ్ళం దగ్గర నిలబడితే చేటెడో బుట్టెడో పెడతారు. దాన్నే మేర అంటాం. చాకలికీ, మంగలికీ, వడ్రంగికీ అంతే. మేర తీసుకున్నవాడు ఏడాది పొడుగునా ఆ ఇంటికి పని చెయ్యాలి. ఇది ఎవరూ రాసిందీ కాదు, ఎవరూ దాటిందీ కాదు.

చిన్నప్పుడు నాయన వెనకాల గోనెపట్టా పట్టుకుని కళ్ళం అంచున నిలబడేవాడంట జక్రయ్య. లోపలికి అడుగు పెట్టకూడదు గదా. ఒకసారి నాతో అన్నాడు.

"బుడానూ, మిలట్రీలో తుపాకిగుండ్లకి గూడా భయపడలా నేను. ఇంకో కళ్ళం దగ్గర చెయ్యి చాపి నిలబడే రోజు మళ్ళీ వస్తదేమో అన్నదొక్కటే నా భయం."

యాభై ఎనిమిదో సంవత్సరం. అప్పటిదాకా బడికి ఆటస్థలం లేదు. పిల్లలు పేట రోడ్డు మార్జిన్లో పరిగెత్తేవాళ్ళు. పత్తి లారీ ఒకటి తగిలి ఒక పిల్లాడి కాలు విరిగింది. అప్పుడు కదిలింది బడి కమిటీ. కరస్పాండెంటు పిచ్చయ్య గారు. మిర్చి కమిషను వ్యాపారం ఆయనది, గొడౌన్లు ఉన్నాయి. 'ఆటస్థల నిధి' అని పచ్చకాగితాల మీద నోటీసులు కొట్టించారు. మాస్టారి ఆనందం చూడాలి మీరు! ఆ మూడెకరాల్లో తుమ్మచెట్లు కొట్టించి, ముగ్గుపిండితో గీతలు గీశాడు. ఇది పరుగుబాట, ఇది వాలీబాలు కోర్టు, ఇది చెడుగుడుకి, ఇక్కడ దూకడానికి ఇసకగుంట, ఇక్కడ ఆడపిల్లలు గుడ్డలు మార్చుకోటానికి రేకుల షెడ్డు. గాలొచ్చి గీతలు చెరిగిపోతే మళ్ళీ గీసేవాడు. ఎన్ని తడవలు గీశాడో.

మీటింగు రోజున పెళ్ళిలో చదివింపుల్లాగా మైకులో పేర్లు చదివారు. ఫలానా వారు నూటపదహార్లు, ఫలానా వారు నూటపదహార్లు. చప్పట్లు కొట్టారు. చదవడం ఎంతసేపండీ, ఇవ్వడం గదా కష్టం. నెల తిరిగినా మూడొంతుల డబ్బు రాలా. అప్పుడు పిచ్చయ్య గారికి ఆలోచన తట్టింది.

"పల్లెటూళ్ళలో రూపాయలు ఉండవు, కాయలుంటాయి. కళ్ళానికో బుట్ట అడుగుదాం. నా గొడౌన్లో వేసి రేటు పెరిగాక అమ్ముదాం. ఎవరెళతారు?"

తెలుగు మాస్టారు తల దించుకున్నాడు. లెక్కల మాస్టారు గడియారం చూసుకున్నాడు. పిచ్చయ్య గారు జక్రయ్య వైపు తిరిగాడు.

"నువ్వెళ్ళు జక్రయ్యా. నీకు అలవాటేగా."

నవ్వారంట అందరూ. ఆ సాయంత్రం నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఇదంతా చెప్పాడు మాస్టారు. నేనన్నా, "వెళ్ళొద్దు మాస్టారూ, ఏం చేస్తారు, ఉద్యోగం పీకుతారా?" అని.

"పీకరు. కానీ గ్రౌండు రాదు బుడానూ" అన్నాడు.

వెళ్ళాడు. పదకొండు ఊళ్ళు, అరవై ఒక్క కళ్ళాలు. ఇస్త్రీ చొక్కా మీద కారం దుమ్ము, కళ్ళు ఎర్రగా మందారాల్లాగా. నేను ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి పరుపుల్లో దూది ఏకేవాణ్ణి. పానకాలు అని యేటి అవతల ఊళ్ళో మోతుబరి, ఆయన కళ్ళం పక్కనే పని చేస్తున్నా. మాస్టారు వచ్చి కళ్ళం అంచునే ఆగిపోయాడు. అంత మిలట్రీ మనిషీ, అంచునే!

"ఏంది జక్రయ్యా, ఉద్యోగం వచ్చినా మేర మానలేదే!" అన్నాడు పానకాలు.

"నాకు కాదండీ. బడికి."

"ఎవరికైతే ఏంలే. పట్టు, బుట్ట పట్టు. మీ నాయనకి చేటతోనే పెట్టేవాళ్ళం, నీకు బుట్ట. చదువుకున్నందుకు లాభమేరా!"

మాస్టారు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. బుట్ట బండిలో పోసుకుని గట్టిగా అన్నాడు. "వచ్చే ఏడు ఈ కళ్ళంలో కాయలు ఎండేలోపు మీ పిల్లలు గ్రౌండులో పరిగెత్తుతారు. ఇది నా మాట." ప్రతి కళ్ళం దగ్గరా అదే మాట చెప్పొచ్చాడు. అదీ ఆయన చేసిన తప్పు. మాట కమిటీది అని చెప్పాల్సింది. నాది అన్నాడు.

కాయలు పిచ్చయ్య గారి గొడౌన్లో పడ్డాయి. రేటు పెరిగింది, అమ్మారు. ఎంతకో నాకు తెలవదు, నేను అడిగేవాణ్ణీ కాదు. ఉన్నట్టుండి రోడ్డు వైపు పునాదులు తీశారు. మాస్టారు పరిగెత్తుకుంటా వెళ్ళాడు.

"షెడ్డు అటు కాదండీ, ఇటు" అన్నాడు.

"షెడ్డు కాదయ్యా, కొట్లు" అన్నాడు పిచ్చయ్య గారు. "ముందు కొట్లు కడితే అద్దెలొస్తాయి. అద్దెలతో దర్జాగా గ్రౌండు చేద్దాం. నీకు డ్రిల్లు తెలుసు, నాకు వ్యాపారం తెలుసు."

కొట్లు లేచాయి. వెనక నేల ఖాళీగా ఉంది గదా అని పిచ్చయ్య గారే కొన్న కాయలు అక్కడ ఆరబోయించాడు. ఈ ఒక్క ఏడాదికే అన్నాడు. మాస్టారు గీసిన గీతల మీద మిరపకాయలు. పిల్లలు మళ్ళీ రోడ్డు మార్జిన్లోకి.

మరుసటేడు కాయలొచ్చే రోజుల్లో యేటి దగ్గర పానకాలు ఎదురుపడి మాస్టారి సైకిలు ఆపాడు. నా మూట గూడా ఆ సైకిలు మీదే ఉంది, నేను వెనక నడుస్తున్నా.

"ఏరా జక్రయ్యా, మా పిల్లలు యాడ పరిగెత్తుతున్నార్రా?"

"కమిటీ వాళ్ళు..."

"కమిటీ ఎవుడు? నా కళ్ళంలో నిలబడింది నువ్వు. బుట్ట పట్టింది నువ్వు. మేర తీసుకున్నోడు పని చెయ్యాల్నా వద్దా? చెయ్యి మరి. మా బాన చిరిగింది, వచ్చి కుట్టు."

పక్కన ఇద్దరు ముగ్గురు ఫక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మాస్టారు సైకిలు స్టాండు వేశాడు.

"బాన కుట్టడం నాకు రాదండీ. మా నాయన నేర్పలా, నేర్పొద్దని అమ్మ ఏడ్చింది. నాకొచ్చిన పని చేస్తా. ఆదివారం మీ కళ్ళం ఒక మూల ఖాళీ చేసి పిల్లల్ని పిలవండి."

ఎగతాళికన్నాడేమో అనుకున్నాం. ఆదివారం నిజంగానే వెళ్ళాడు. కళ్ళం మూల ఊడ్చి, ముగ్గు గీసి, విజిలేసి చెడుగుడు నేర్పాడు. కళ్ళం నేల మీరెరుగుదురు గదా, పేడతో అలికి గట్టిగా సాపుగా ఉంటది. ఆటకి అంతకన్నా మంచి నేల లేదు. కళ్ళానికి నాలుగు ఆదివారాలు. అది అయ్యాక ఇంకో కళ్ళం. అరవై ఒక్కటీ తిరిగాడండీ. ఏడేళ్ళు పట్టింది. ఆయన నేర్పిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు, బాగా ఆడారు గూడా. కానీ అదేదో గొప్పగా జరిగిందని చెప్పను. కొన్నిచోట్ల మాదిగపల్లె పిల్లలు వరసలో ఉంటే మా పిల్లల్ని పంపం అన్నారు. అట్టాంటిచోట ఎండలో విజిలు పట్టుకుని ఒక్కడే నిలబడి, నాలుగు ఆదివారాలూ నిలబడి, వచ్చేసేవాడు. ఇంకొన్నిచోట్ల ఆట అయిపోగానే, "జక్రయ్యా, ఆ బస్తా కాస్త బండికెత్తు" అనేవాళ్ళు. ఎత్తేవాడు.

"ఎందుకెత్తారు?" అని కోప్పడ్డా ఒకసారి.

"మేర తీసుకున్నా గదా" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రాకూడదు. వచ్చింది.

ఆయన భార్య రాహేలమ్మ నా కొట్టు కాడికొచ్చి ఏడ్చేది. "బైబిలు పట్టుకుని గుడికి రావాల్సిన ఆదివారం, విజిలు పట్టుకుని కళ్ళాలకి పోతాడన్నా. వాళ్ళ నాయన ఒక్క ఊరికి చేశాడు, ఈయన పదకొండు ఊళ్ళకి చేస్తున్నాడు" అనేది.

అరవై ఆరు మార్చిలో ఒక బుధవారం సాయంత్రం తుండుగుడ్డలో మూట తెచ్చాడు. విప్పితే పత్తి. చేలల్లో ఏరుకున్న పత్తి, ఆకు చెత్త, గింజ అంతా ఉంది.

"ఇదే ఆఖరిది బుడానూ. ఆ రోజుల్లో ఒక కళ్ళంలో కాయలేరే కూలి పెద్దమ్మ, రైతు బుట్ట పోస్తుంటే చూసి, తన ఒళ్ళో కాయలు దోసెడు తీసి నా బుట్టలో వేసింది. పిల్లలు లేరామెకి. ఏం పని చెయ్యను పెద్దమ్మా అని మొన్న అడిగా. 'నా ఇంట్లో పరిగెత్తేవాళ్ళు ఎవరున్నారు నాయనా, తలకింద రాయి పెట్టుకుంటున్నా, ఒక దిండు కుట్టించిపెట్టు' అంది. కనిగిరి వైపు మనిషి. కాయ కోతలకి కూలీల ముఠాతో వస్తది, కోతలైతే వెళ్ళిపోతది."

"పేరేంది, ఏ ఊళ్ళో దిగారు?"

"పెద్దమ్మలే. నేనే ఇస్తాగా."

ఆయన ఏదీ కాగితం మీద రాసుకోడు. అరవై ఒక్క కళ్ళాలూ తల్లోనే.

శుక్రవారం మధ్యాహ్నం డ్రిల్లు పిరియడ్లో రోడ్డు మార్జిన్లో పిల్లల్ని పరిగెత్తించి, మైలురాయి మీద కూర్చున్నాడు. విజిలు నోట్లోనే ఉంది. పిల్లలు మళ్ళీ ఊదుతాడని నిలబడి చూశారంట. ఊదలా. యాభై గూడా రాలేదండీ ఆయనకి.

సంతాప సభ పెట్టారు. పిచ్చయ్య గారు కళ్ళు తుడుచుకున్నాడు. పదో రోజుకి పచ్చకాగితాల నోటీసులు మళ్ళీ వచ్చాయి. 'జక్రయ్య స్మారక ఆటస్థల నిధి' అంట. రసీదు పుస్తకం పట్టుకుని నా కొట్టుకి పిచ్చయ్య గారే వచ్చాడు.

"నువ్వు స్నేహితుడివి గదా బుడానూ. నీ చేత్తో మొదలుపెడదామని."

"ముందు ఆ కాయలెత్తండయ్యా, అప్పుడు చూద్దాం" అన్నా. పెద్దవాడితో అట్టా అన్నానని మా వాళ్ళు తిట్టారు. ఆ కాయలు అట్టాగే ఉన్నాయి, మీరు చూశారుగా.

నేను దిండు పట్టుకుని మూడు ఆదివారాలు తిరిగా. కోతలైపోయి ముఠాలన్నీ వెళ్ళిపోయాయి. కనిగిరి వైపు మనిషి, ముసలమ్మ, పిల్లలు లేరు అంటే, "అట్టాంటోళ్ళు వందమంది వస్తారయ్యా" అన్నారు. మరుసటేడు గూడా అడిగా. ఎవరూ నాదే అనలా.

దిండు నా కొట్లోనే, ఆయన తుండుగుడ్డలోనే ఉంది. ఆ బుధవారం గుమ్మం దిగుతా వెనక్కి తిరిగి అన్నాడు. "ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకెళతా. కుట్టు గట్టిగా వెయ్యి బుడానూ."

గట్టిగానే వేశాను.