ఆకుల నడుమ నిలిచిన నీళ్లు

ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అది నేను చెప్పకుండా దాచిన మాట కాదు, చెప్పిన మాటే. అబద్ధం కూడా కాదు. అందుకే మోయడం ఇంత కష్టమైంది. అబద్ధమైతే ఏదో ఒకనాడు ఎవరో ఒకరు నన్ను నిలదీసేవారు. నిజమైన మాటతో చేసిన ద్రోహానికి నన్ను నిలదీసేదెవరు?

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నేను గోదావరిఖనిలో గని సర్వే విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. కాలనీలో నన్ను ఫిర్యాదుల సారు అంటారు. టార్పాలిన్ కప్పకుండా పోయే బొగ్గు లారీల మీదా, రోజు విడిచి రోజైనా రాని నల్లా నీళ్ల మీదా దరఖాస్తులు రాసి, ప్రతిదాని నకలూ దాచి, జవాబు రాకపోతే మళ్లీ రాసేవాణ్ని. తప్పు చేసి నోరు మెదపని వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కోపం నటన కాదు. మరి నా వంతు వచ్చేసరికి అది ఎక్కడికి పోయింది?

నాకున్న ఒకే ఒక్క వ్యసనం స్లిప్పర్ ఆర్కిడ్లు. పువ్వు ముందుభాగం చెప్పు తొడుగులా గుండ్రటి సంచిగా ఉంటుంది, అందుకే ఆ పేరు. కొండల చల్లదనంలో పెరిగే జాతి. మన ఎండలకు బతకదని అందరూ అన్నారు. నేను పెరట్లో షేడ్‌నెట్ గది కట్టించి, వట్టివేళ్ల తడికలు తడిపి, కూలరు పెట్టి, డ్రమ్ముల్లో వాననీరు పట్టి, ఆకుల మీది బొగ్గుధూళిని తడిగుడ్డతో తుడిచి బతికించాను. "సారు చెప్పులు పండిస్తుండు, జత ఎంతకిస్తడో అడుగుండ్రి" అని మల్లేశం గోడ అవతలి నుంచి నలుగురికీ వినపడేలా అనేవాడు.

మల్లేశం వర్క్‌షాపులో ఫిట్టరు. మా వెనక లైనులోనే క్వార్టరు. నాకంటే చిన్నవాడు. అతని భార్య సరోజన నన్ను అన్నా అని పిలిచేది, నేను చెల్లె అనేవాణ్ని. ఒకసారి వాళ్లు కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ మీద షిల్లాంగు చూసి వస్తూ అక్కడి నర్సరీలో పూసి ఉన్న మొక్కనొకదాన్ని కొన్నారు. ముచ్చటపడి కొన్నది సరోజన. రైలు మారిన ప్రతిచోటా ఒళ్లో పెట్టుకుని తెచ్చిందీ ఆమే. కుండీలో కట్టెబొగ్గు వేస్తే మంచిదని ఎవరో చెప్పగా మల్లేశం గని బొగ్గు వేశాడు. పువ్వు రాలి, వేళ్లు కుళ్లాక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. నేను ఇద్దరినీ తిట్టి, కుళ్లు కోసేసి, చెట్టు బెరడు ముక్కల్లో మళ్లీ నాటాను. బతికింది.

అంతలో మల్లేశానికి దూరంగా గోలేటి గనులకు బదిలీ అయింది. అక్కడ ఇచ్చింది పడమటి ఎండకు కాలిపోయే పై అంతస్తు. మొక్కను నాకు అప్పగించి వెళ్లారు. సరోజన ఒక ప్లాస్టిక్ పట్టీ మీద తన పేరు రాసి కుండీలో గుచ్చింది.

అది నా దగ్గర పూసింది. తెల్లటి పై రేకు నిండా ఊదా గీతలు. రెండు పక్కరేకులు బర్రెకొమ్ముల్లా కిందికి వంగి, కొసల్లో మళ్లీ పైకి లేచాయి. నా దగ్గర ఉన్నవన్నీ గోధుమ, పసుపు రంగులు కలిసిన మామూలు రకం. ఇలాంటిది నేను అంతవరకు చూడలేదు. మీ మొక్క పూసింది, వచ్చి చూడండి అని ఒక ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. నా పతనం ఆ చేయని ఫోనుతోనే మొదలైంది. దీన్ని బతికించింది ఎవరు? బొగ్గులో పాతినవాడికి దీని మీద హక్కేమిటి? యోగ్యత లేని చోటికి దీన్ని పంపడం పాపం కాదా? దొంగతనానికి కూడా ఎంత నీతిగా కారణాలు రాసుకున్నానో చూడండి.

వాళ్లు మళ్లీ బదిలీ అయి తిరిగి వస్తున్నారని తెలిసిన రోజు, ఆ పట్టీని తీసి, నా మామూలు రకం పిలక ఉన్న కుండీలో గుచ్చాను. పువ్వు లేనప్పుడు ఆకులను బట్టి ఆ రెంటినీ వేరు చేయడం అలవాటు లేని కంటికి సాధ్యం కాదు. అక్కడితో ఆగినా బాగుండేది. మనసు కుదుటపడక, నా కానుకగా అదే మామూలు రకం మరో కుండీ కూడా, నా పేరు రాసిన పట్టీ గుచ్చి, ఇచ్చాను. సరోజన రెండు చేతులా అందుకుంది. ఆ కానుకే ఆమెను ముంచుతుందని నాకు తోచలేదు.

ఈ మొక్కలు త్వరగా పూయవు. పూసిన పిలక మళ్లీ పూయదు, పక్కన కొత్త పిలక ఎదగాలి. అలా ఎదురుచూస్తుండగా ఒక ఎండాకాలంలో, రెండు కుండీల్లో నేను కానుకగా ఇచ్చినది చచ్చిపోయింది. సరోజన పేరున్న కుండీ మిగిలింది. ఆ తర్వాతి చలికాలంలో దానికి మొగ్గ వచ్చి, గోధుమరంగు పువ్వు విచ్చుకుంది. మల్లేశం నన్ను పిలిపించాడు.

"గిదేందన్నా? కొమ్ములేవి? బర్రెను తోలితె గాడిద ఇంటికొచ్చినట్టున్నది!"

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. జవాబు నేను వెతకవలసిన అవసరం లేకపోయింది. అతనే వెతుక్కున్నాడు.

"సమజైంది. కుండీలు కడిగేటప్పుడు ఈమె పట్టీలు తారుమారు చేసింది. సచ్చింది మనది, బతికింది నువ్విచ్చింది."

"నేను ఏ పట్టి ఆ కుండిలనే పెట్టిన," అన్నది సరోజన. "నాకు మంచిగ యాదికున్నది."

"యాదికుంటె పువ్వెట్ల మారుతదే? నీ చెయ్యి గసొంటిది. నువ్వు ముట్టుకుంటె గరికె గూడ మాడుతది."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పన్నా. అది నా చేతులల్లనే సచ్చిందా?"

అప్పుడు నేనన్నాను: "ఆకుల నడుమ నీళ్లు నిలవొద్దని నీకు చెప్పిన గద చెల్లె."

ఇదే ఆ మాట. ఏ తోటమాలి దగ్గరికైనా తీసుకెళ్లండి, నిజమనే అంటాడు. ఆకులు కలిసే మొదలు దగ్గర నీరు నిలిస్తే ఈ మొక్క లోపల నుంచి కుళ్లుతుంది. చచ్చిన మొక్కకు అదే జరిగి ఉండవచ్చు కూడా. కానీ ఆమె అడిగినది చచ్చిన మొక్క గురించి కాదు, ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క గురించి. అది ఆ క్షణాన మా పెరట్లో, నిక్షేపంగా, నా షేడ్‌నెట్ కింద ఉంది. ఆ సంగతి తెలిసి ఆమెకు నీళ్లు పోయడం ఎలాగో పాఠం చెప్పాను. ఇంతకన్నా నీచమైన పని నేను ఎవరి మీద దరఖాస్తులు రాశానో వాళ్లలో ఒక్కడైనా చేశాడా?

సరోజన మళ్లీ మొక్కల జోలికి పోలేదు. మల్లేశానికి అది ఏ నలుగురు కలిసినా చెప్పే పరాచికమైంది. ఆమె కూడా నవ్వేది. నేనూ నవ్వాను. కొమ్ముల పువ్వు మాత్రం చలికాలాల్లో పూస్తూనే ఉంది. గోనెపట్టా చాటున దాచి, ఎవరికీ చూపకుండా, దాని ముందు ఒక్కణ్నే కూర్చునేవాణ్ని. ఏం చూడటానికి? ఇప్పుడు తలుచుకుంటే అసహ్యం వేస్తుంది.

మొన్న కాలనీలో ఒక పెళ్లి జరిగింది. నవధాన్యాల మొలకలు పోయడానికి ముత్తైదువలను పిలిచారు. సరోజన వంతు వచ్చింది. గింజల పళ్లెం ముందుకు జరిపితే, ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. "నాతోని వద్దక్కా. నా చెయ్యి మంచిది గాదు" అన్నది. నవ్వుతూ అనలేదు. ఆ ఇంటివాళ్లు కూడా బలవంతపెట్టలేదు. పళ్లెం పక్కావిడ దగ్గరికి జరిగింది. నేను అక్కడే, కుర్చీలో, శుభ్రమైన చొక్కా వేసుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఆ కుండీని పువ్వుతో సహా మోసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరూ ఉన్నారు. కూర్చోకుండానే చెప్పాను. పట్టీ మార్చింది నేను. మీ మొక్క ఇది. ఇది ఎప్పుడూ చావలేదు. మల్లేశం లేచి నిలబడ్డాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కానీ అతను నా వైపు చూడలేదు. సరోజన వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

సరోజన పువ్వును చూడలేదు. దగ్గరికి వచ్చి, ఆకుల నడుమ వేలు పెట్టి, తడి ఉందేమో చూసింది. పొడిగా ఉంది.

"మొక్కను ఉంచుకుంటె ఉంచుకుంటివి," అన్నది. "నా చెయ్యి మంచిదేనని ఒక్కనాడన్న అనకపోతివి గదనే అన్నా. కుండి ఆడ పెట్టి పో."

పెట్టి వచ్చాను. ఆమె క్షమిస్తానని అనలేదు. నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. మనసు తేలికపడిన మాట నిజం. ఆ తేలికను చూసినా నాకు కోపమే వస్తుంది, ఎందుకంటే ఆమె కొంగు కింద చేతులు దాచుకున్న ఏళ్లు ఇప్పుడు నేనెంత తేలికపడ్డా తిరిగి రావు. అయినా ఇది మీకు రాస్తున్నాను, ఎందుకంటే ఒకరికి చెబితే సరిపోయే తప్పు కాదిది. నలుగురి మధ్య ఆమెను అన్నారు. నలుగురికీ తెలియాలి.

ఆ మొక్కను సరోజన చంపలేదు. ఆమె చెయ్యి మంచిది. ఈ మాట ఆ రోజు అడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను.