చిన్నమ్మ కలిపిన విస్కీ

నా చిన్నప్పుడు చౌక విస్కీకి రుచి తెప్పించే విద్య మా ఇంట్లో ఒక్కరికే తెలుసు. అది తాగే మా చిన్నాయనకు కాదు, పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని మా చిన్నమ్మకు. మాది కోరుట్ల. చిన్నమ్మకు పిల్లలు లేకపోవడంతో నన్ను తెచ్చి సిరిసిల్లలో తన దగ్గర పెట్టుకుని బడికి పంపేది. చిన్నాయన కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గం అనే మాట పుస్తకాల్లోనే ఉంటుంది, ఆ ఊళ్లో అది సాంచె. తాగుబోతు అనగానే పెళ్లాన్ని కొట్టేవాడే గుర్తొస్తాడు గానీ, ఆయన పిల్లిని కూడా కసిరేవాడు కాదు. తాగి వచ్చి నా పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పమనేవాడు, నేను తప్పు చెప్పినా శెభాష్ అనేవాడు.

కరీంనగర్ డాక్టరు కాలేయం చెడిపోయిందనీ, మానకపోతే మనిషి దక్కడనీ చెప్పాడు. చిన్నమ్మ కొండగట్టుకు మొక్కుకుంది. ఆయన ఆంజనేయస్వామి మాల వేసుకున్నాడు. మాల మెడలో ఉన్నన్ని రోజులు సీసా వైపు చూడలేదు. చిన్నమ్మ ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు. కొండ మీద మాల తీసి వచ్చిన సాయంత్రమే మళ్లీ తాగాడు. అరుగు మీద కూర్చుని తానే ఏడ్చాడు, నావల్ల కాదు అని. అప్పుడు చిన్నమ్మ ఒక ఒప్పందం పెట్టింది.

"తాగితే ఇంట్లనే తాగు. సీసా నా చేతికియ్యి. నేనే పోస్త."

ఆయన తలూపాడు. మా అమ్మకు ఈ సంగతి తెలిసి కోరుట్ల నుంచి బస్సెక్కి మరీ వచ్చి దులిపేసింది. మొగుడికి మందు పోసే ఆడదాన్ని నిన్నే చూశానంది. చిన్నమ్మ ఆ మాటలన్నీ పడింది. అసలు ఉద్దేశం బయటపెడితే పని చెడుతుందని ఆమె భయం. రోజురోజుకూ మందు తగ్గించి నీళ్లు పెంచాలి, అది ఆయనకు తెలియకూడదు. నీళ్లు పోస్తే రంగు పోతుంది, ఘాటు పోతుంది. ఆ పోయినవాటిని వంటింట్లోంచి తేవాలి.

చక్కెరను నల్లబడేదాకా మాడ్చి రంగు తెచ్చింది. గొంతులో మండటానికి శొంఠి వేసింది. ఆ విస్కీకి మొదటినుంచీ ఒక కిరసనాయిలు కంపు ఉండేది, అది పోవడానికి కిస్మిస్‌లూ, ఎండబెట్టిన కమలాపండు తొక్కా నానబెట్టింది. పొగ పట్టించడం మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ దగ్గర నేర్చుకుంది. ఆ ముసలావిడ పప్పులోకి నిప్పుల పొగ పట్టించేది. పప్పు కోసమేనని అబద్ధం చెప్పి అడిగింది, నిజం చెబితే ఖాలా తౌబా తౌబా అని చెవులు పట్టుకునేది. కణకణలాడే బొగ్గు మీద రెండు లవంగాలు వేసి, దాని మీద జాడీ బోర్లించి, లోపల పొగ నిండాక తిప్పి అందులో ఈ మందు పోసి మూత బిగించేది. తొక్కలు ఎండబెట్టడం నా పని. నాకదంతా పండగకు పిండివంటలు చేస్తున్నట్టే ఉండేది.

ఈమధ్య మా అల్లుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. బర్బన్ అని అమెరికా విస్కీ అట, చౌకరకం కొని కాల్చిన చెక్క ముక్కలూ నారింజ తొక్కా వేస్తే ఖరీదైన రుచి వస్తుందట. వాళ్లు రుచి కోసం తంటాలు పడుతున్నారు. మా చిన్నమ్మ మనిషి కోసం పడింది.

మొదటి గుటక తాగి చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. బాగుందన్నాడు. ఆ తర్వాత రోజూ అదే మాట. చిన్నమ్మ గ్లాసు ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట విన్నాకే వంటింట్లోకి వచ్చేది. నా బుగ్గ గిల్లి, ఇవాళ ఇంకో గరిటె నీళ్లు ఎక్కువ పోశానని నవ్వేది. చివరికి గ్లాసులో మందు పేరుకే మిగిలింది. ఈ సంక్రాంతికి కాకున్నా ఉగాదికైనా మానేస్తాడని లెక్కలు వేసుకుంది. ఆమెతో పాటు నేనూ నమ్మాను.

కానీ ఆయన కళ్లు పచ్చబడుతూ వచ్చాయి. కడుపు ఉబ్బింది. ఒక మధ్యాహ్నం కార్ఖానాలోనే కుప్పకూలితే కరీంనగర్ తీసుకుపోయారు. నేనూ వెంట వెళ్లాను. డాక్టరు మళ్లీ తాగుతున్నాడా అని అడిగాడు. చిన్నమ్మకు రోషం వచ్చింది. తను చేసిందంతా, శొంఠితో సహా, ఆయన మంచం పక్కనే నిలబడి చెప్పేసింది. "ఇప్పుడు అంతా నీళ్లే సారూ, మందు ఏడున్నది?" అంది. డాక్టరు చిన్నాయన వైపు చూశాడు.

చిన్నాయన గోడకేసి తిరిగి, మెల్లగా అన్నాడు.

"మొదటి నాడే తెలిసింది. శొంఠి వాసన నాకు తెల్వదా? నువ్వు సంబురపడుతున్నవని తాగిన. రోజూ కార్ఖానా కాడ తాగే, సోంపు నములుకుంట ఇంటికి అచ్చేటోన్ని."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మరి బాగుందంటివి గదా?" అని చిన్నపిల్లలా అడిగింది.

"బాగుండె. అది అబద్ధం కాదు," అన్నాడు ఆయన.

ఆ వారంలోనే పోయాడు.

చిన్నమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. తాగినందుకు ఆయన్ను ఎప్పుడో క్షమించింది. బాగుందన్న ఆ ఒక్క మాటను మాత్రం క్షమించలేదు. బీడీలు చుడుతూ చుడుతూ ఉన్నట్టుండి చేయి ఆపి అనేది. "బాగలేదని ఒక్కసారి మొకం మీద కొట్టినట్టు అన్నా బాగుండు బిడ్డా. నాకు అనుమానమొచ్చేది. కార్ఖానా దాక పోయి రెక్క వట్టి గుంజుకచ్చేదాన్ని."

ప్రేమతో చేసింది వృథా పోదని అందరూ అంటారు. పోతుంది. చక్కెర మాడ్చి, తొక్కలు నానబెట్టి, పొగ పట్టించి, అంత ఆశతో చేసింది ఎట్లా పోయిందో నేను దగ్గరుండి చూశాను. ఆమె మనసు నొప్పించకూడదని ఆయన, ఆయనకు తెలియకూడదని ఆమె, ఒకరినొకరు ఎంతో జాగ్రత్తగా చూసుకుంటూనే ఆయన్ను చావుకు అప్పగించారు. దాని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అందుకే మా ఇంట్లో అన్నం వడ్డించి బాగుందా అని నేను అడగను. ఏం బాగాలేదో చెప్పమని అడుగుతాను. వంట గురించే కాదు, ఒంట్లో ఎట్లా ఉంది, ఉద్యోగం ఎట్లా ఉంది, అన్నీ అట్లాగే అడుగుతాను. మా ఆయన, పిల్లలు, అల్లుడు, అందరూ నా చాదస్తానికి నవ్వుతారు. అంతా బాగుందనే చెబుతారు.