శబ్దం లేని కీబోర్డు

పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు రాని పని అంటూ ఉండేది కాదు. ఇప్పుడంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికే పదిసార్లు కొట్టేసి దిద్దుకుంటున్నాను గానీ (ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి), అప్పట్లో ఏది అడిగినా ముందు ‘వచ్చు’ అనేసి, తర్వాత ఆలోచించేదాన్ని. అప్పుడు కాకినాడ దగ్గర మా ఊరి నుంచి ఢిల్లీ వచ్చి, సరోజినీ నగర్లో మా పిన్ని వాళ్ళింట్లో ఉంటూ, ఒక ఆసుపత్రిలో ఆయాగా పని చేస్తున్నాను. పిన్ని అక్కడే నర్సు. ఆదివారం మన తెలుగువాళ్ళం ముప్ఫై మంది ఒక అద్దె హాల్లో ఆరాధనకి చేరేవాళ్ళం. పాటలు నడిపించేది మా పిన్నే. వాయిద్యం అంటే ఒక్క కంజర. అది వాయించే పెద్దాయన్ని అందరం కంజర బాబాయ్ అనేవాళ్ళం.

పేటల్లో పాడుకునేవాళ్ళకి వాయిద్యాలు ఇచ్చే ట్రస్టు ఒకటి ఉందని తెలిసి, బాబాయ్ వెళ్ళి అర్జీ పెట్టాడు. కొత్త కీబోర్డు ఇచ్చారు. ఒకటే షరతు. ఏడాది తర్వాత వచ్చి చూస్తాం, మీలో ఒక్కరైనా నేర్చుకుని ఉండాలి, లేకపోతే తీసుకెళ్ళి వేరే బృందానికి ఇస్తాం అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. పిన్ని దాన్ని ఇంటికి తెచ్చి, ప్లాస్టిక్ తొడుగు తియ్యకుండా దుప్పటి చుట్టి బీరువా మీద పెట్టింది. ఈస్టరుకి తీద్దాం అంది. ఈస్టరు వచ్చింది. “పిల్లలు నొక్కి పాడుచేస్తారు, క్రిస్మస్‌కి తీద్దాం” అంది. క్రిస్మస్‌కి జనం ఎక్కువ వచ్చారని తియ్యలేదు. ప్లగ్గు పెట్టడానికి అసలే ఒప్పుకోలేదు. “ఢిల్లీ కరెంటు సంగతి నీకు తెలీదే, ఒక్క దెబ్బకి కాలిపోద్ది” అనేది.

కానీ నా మనసంతా బీరువా మీదే ఉండేది. నేను మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చేసరికి, నైట్ డ్యూటీ చేసిన పిన్ని గుర్రుపెట్టి నిద్రపోతూ ఉండేది. మెల్లగా కీబోర్డు దించి, వంటగదిలో కింద పెట్టుకుని వాయించేదాన్ని. కరెంటు లేకుండా, శబ్దం లేకుండా. పాట నోట్లోనే సన్నగా పాడుకుంటూ, దానికి తగ్గట్టు వేళ్ళు నొక్కుతూ. టీవీలో చూశాను కదా, పాట పైకి వెళ్తే చెయ్యి కుడివైపుకి పోతుంది, కిందికి దిగితే ఎడమవైపుకి వస్తుంది. అంతకంటే అందులో ఏముంది అనుకున్నాను. ఎనిమిది నెలలు అలా వాయించాను. ఒక్క తప్పు వినపడలేదు. (ఎలా వినపడుతుంది చెప్పండి!)

ఒక శనివారం ట్రస్టు నుంచి ఫోను వచ్చింది. రేపే వస్తారట. ఆ సాయంత్రం పాటల ప్రాక్టీసుకి హాల్లో చేరిన అందరి మొహాలూ మాడిపోయాయి.

“ఎవరికైనా వచ్చా?” అన్నాడు బాబాయ్.

“నాకొచ్చు” అన్నాను.

పిన్ని తిరిగి చూసింది. “నీకెప్పుడొచ్చిందే?”

“నువ్వు నిద్రపోతుంటే నేర్చుకున్నాను పిన్నీ.”

“నాకు ఒక్క రోజూ వినపళ్ళేదే!”

“నీకు వినపడకుండానే వాయించాను.”

“చూశావా సిస్టరమ్మా, పిల్లకి ఎంత అణకువో!” అన్నాడు బాబాయ్. ఒకసారి వాయించి చూపించమని ఎవరో అడిగారు. పిన్ని వద్దంది. ఇవాళ ఆన్ చేస్తే రేపటికి ఏమవుతుందోనని ఆవిడ భయం.

ఆదివారం ట్రస్టు మేడమ్ వచ్చి ముందు వరసలో కూర్చుంది. తెల్లజుట్టు, కాటన్ చీర. ప్లగ్గు పెట్టారు. ఎర్ర లైటు వెలిగింది. నేను ప్లాస్టిక్ మీదే వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, ధైర్యంగా మొదలుపెట్టాను.

ఆ వచ్చిన శబ్దాన్ని ఏమని చెప్పను. గిన్నెల బుట్ట మెట్ల మీద నుంచి దొర్లినట్టు ఉంది. ఎవరు చేస్తున్నారా అని కళ్ళు తెరిచి చూశాను. నేనే. పిన్ని దాన్ని కప్పెయ్యడానికి గొంతు చించుకుని పాట ఎత్తుకుంది. బాబాయ్ కంజర పగిలేలా కొట్టాడు. మేడమ్ చెయ్యెత్తి అందరినీ ఆపింది.

“బేటా, కబ్ సే సీఖ్ రహీ హో?” అంది, ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నావని.

“ఆఠ్ మహీనే సే” అన్నాను, ఎనిమిది నెలల నుంచని. హాలంతా నవ్వింది. కీబోర్డు పోయినట్టే అనుకున్నాను. ఏడుపు వచ్చేసింది. ఆ ఏడుపులోనే, వచ్చీరాని హిందీలో, పిన్ని నిద్ర సంగతీ వంటగది సంగతీ అన్నీ చెప్పేశాను.

“ఆవాజ్ కే బినా?” శబ్దం లేకుండానా అని, మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత తనే లేచి వచ్చి స్విచ్చి ఆపేసింది. “అచ్ఛా, ఘర్ మే జైసే బజాతీ హో, వైసే బజావో” అంది, ఇంట్లో ఎలా వాయిస్తావో అలాగే వాయించమని.

ముప్ఫై మంది చూస్తుండగా, చచ్చిన కీబోర్డు మీద, ముక్కు ఎగబీల్చుకుంటూ, నోట్లో పాడుకుంటూ పాటంతా వాయించాను. మేడమ్ నా వేళ్ళకేసి చూస్తూ తొడ మీద తాళం వేసింది. అయిపోయాక పిన్నితో, “తాల్ ఏక్ బార్ భీ నహీ ఛూటా. సుర్ సీఖ్ లేగీ” అంది. తాళం తప్పలేదట, స్వరాలు నేర్చుకుంటుందట. కీబోర్డు మీ దగ్గరే ఉంటుంది, నేర్పడానికి మా మనిషిని పంపిస్తాం, కానీ ఈ ప్లాస్టిక్ ఇప్పుడే నా ముందు తీసెయ్యాలి అంది. పోతూ పోతూ కీబోర్డు వెనకాల ఉన్న చిన్న బొక్క చూపించి, ఇందులో ఇయర్‌ఫోన్ పెడితే వాయించేవాళ్ళకి తప్ప ఎవరికీ వినపడదని చెప్పింది. ఆ తొడుగు చింపుతున్నప్పుడు పిన్ని మొహం చూడాలి. రోజూ ఆసుపత్రిలో పిల్లలకి వేసే సూది మందు ఇవాళ తనకే వేస్తున్నట్టు పెట్టింది.

ఇప్పుడు ఆదివారాలు నేనే వాయిస్తాను. నలభై పాటల దాకా వచ్చు. అయినా పాట పాటకీ ఎక్కడో ఒకచోట వేలు జారుతుంది. వెనక కూర్చున్న పిల్లలు “ఆంటీ, గలత్! తప్పు!” అని వెంటనే పట్టేస్తారు. తలొంచుకుని నవ్వుకుంటాను. నిజం చెప్పాలంటే, ఆ వంటగదిలో గచ్చు మీద కూర్చుని పంతొమ్మిదేళ్ళ పిల్ల వాయించినంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు.