ఇమాంగారి తడబాటు, టీచరమ్మ చప్పట

మా టీచరమ్మ ఏ బడిలోనూ పనిచెయ్యలేదు. ఇంట్లో కుట్టుమిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతూ, ఎదురుగా చాప మీద కూర్చున్న పిల్లలకు ఖురాన్ నేర్పేది. గ్రంథం మొత్తం ఆవిడకు కంఠస్థం. మాలో ఎవరు ఒక్క అక్షరం తప్పినా మిషన్ ఆగిపోయేది. తిట్టేది కాదు, కొట్టేది కాదు. ఆ ఆగడానికే మాకు చెమటలు పట్టేవి.

అలా చెమటలు పట్టినవాళ్లలో ఒకడు పెద్దయి మా మసీదుకే ఇమాం అయ్యాడు. గొంతు బంగారం, జ్ఞాపకం అంతంతమాత్రం. ఖురాన్‌లో ఒక పొడుగు సూరాలో, అంటే అధ్యాయంలో, ఒకేలాంటి వాక్యాలు రెండుచోట్ల వస్తాయి. రెండోచోటికి రాగానే దారితప్పి మళ్లీ మొదటిచోట తేలేవాడు. ఏడేళ్లప్పుడూ అంతే, నలభై ఏళ్లప్పుడూ అంతే.

నమాజులో ఇమాం తప్పితే వెనకున్న మగవాళ్లు నోటితో అందించవచ్చు. ఆడవాళ్లు గొంతెత్తకూడదు, ఒక చేత్తో రెండో చేతి వెనక చరచాలి. ఇది పాత నియమం, మా మసీదు కమిటీ పెట్టింది కాదు. కమిటీయే పెట్టి ఉంటే ఆ చరుపు కూడా దక్కేది కాదు. మా మొదటి వరస మగవాళ్లకు నోరుంది గానీ సూరా రాదు. సూరా వచ్చినావిడకు నోరు లేదు, చెయ్యి మాత్రమే ఉంది. హాలు చివర తెర వెనక నుంచి టీచరమ్మ ఒక్కటి చరిచేది, ఇమాంగారు దారిలో పడేవారు. పదేళ్లు ఇలాగే గడిచాయి. బయటికొచ్చి అందరూ "ఏం చదివారండీ!" అని ఆయన్నే మెచ్చుకునేవారు.

ఆవిడా మురిసిపోయేది. "గొంతు వాడిదైతేనేం, చదువు నాదేగా" అనేది నాతో. నిండు హాల్లో ఆ సూరా మొదటినుంచి చివరిదాకా సాగితే చాలు. అంతకుమించి ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు.

కమిటీ అధ్యక్షుడు సిమెంటు కొట్టాయన. ఆయనకు ఆడవాళ్లంటే అపారమైన గౌరవం, మేం కంటికి కనబడనంతవరకూ. ఆ గౌరవం కొద్దీ మాకోసం మేడమీద గది కట్టించాడు. మెత్తటి తివాచీ, నాలుగు ఫ్యాన్లు, గోడకు స్పీకరు. కింది మాట పైకి వస్తుంది. పై మాట కిందికి పోదు.

"నా చప్పుడు నీకెలా వినబడుతుంది నాయనా?" అని టీచరమ్మ ఇమాంగారినే అడిగింది.

"కమిటీ నిర్ణయం టీచరమ్మా, నేనేం చెయ్యను?"

ఆ నిర్ణయం కింద మొదటి సంతకం ఆయనదే.

మేం మేడమీదికి మారిన రెండో శుక్రవారమే ఆ సూరా ఎత్తుకున్నాడు. ధైర్యమో, అలవాటో. రెండోచోటికి వచ్చాడు, మొదటిచోటికి పోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. నా పక్కన టీచరమ్మ చరిచింది. ఆవిణ్ణి చూసి మేమూ చరిచాం, ఇరవైమందిమి. మా చప్పుడు మా తలుపు కూడా దాటలేదు. మూడో చుట్టులో ఆయన గొంతు ఆగిపోయింది. చప్పట కోసం చూస్తున్నాడని నాకే అర్థమైంది, ఇక ఆవిడకు కాదా?

టీచరమ్మ తన నమాజు మధ్యలో వదిలేసింది. అరవై ఏడేళ్ల మోకాళ్లతో మెట్లు దిగి, మగవాళ్ల హాలు తలుపు తోసి, గుమ్మంలో నిలబడి ఒక్కటంటే ఒక్కటి చరిచింది. అది మైకులోంచి పైన మాకూ వినబడింది. ఇమాంగారు అందుకున్నారు, ఇక చివరిదాకా ఆగలేదు.

నమాజు కాగానే మేం మెట్లమీదికి చేరాం. గుమ్మంలో సిమెంటు కొట్టాయన రుసరుసలాడుతున్నాడు.

"ఏంటమ్మా ఇది? మగవాళ్లలోకి వచ్చేస్తారా? అందరి నమాజూ పాడుచేశారు!"

"పాడయింది నాదొక్కదే బాబూ. మీది బాగుపడింది."

"మీరు చెప్పండి ఇమాంగారూ, ఈవిడ వల్లనా మీకు గుర్తొచ్చింది?"

ఇమాంగారు నేలచూపులు చూశారు. "లేదండీ. నాకే గుర్తొచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. టీచరమ్మ మాత్రం మెట్లమీద మా మధ్యనుంచి దారి చేసుకుని పైన వదిలిన చెప్పుల కోసం వెళ్లింది.

కమిటీ కూర్చుని రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, ఇమాంగారి జ్ఞాపకశక్తికి అభినందన. రెండు, నమాజు వేళ హాలు తలుపుకు లోపలినుంచి గడియ.

గడియ పడ్డాక ఆయన ఆ సూరా జోలికి పోలేదు. ఆరు నెలలుగా ప్రతి శుక్రవారం మూడు వాక్యాల సూరాయే. తొందరగా తెములుతోందని మగవాళ్లకు మహా సంబరం. టీచరమ్మ వారం తప్పకుండా వస్తుంది, ఈ వారమైనా ఎత్తుకుంటాడేమోనని స్పీకరు కిందే నిలబడుతుంది.

మొన్న మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుంది.

"నేను కిందికి వెళ్లకుండా ఉండాల్సింది కదే" అంది. "తప్పులతోనైనా చదివేవాడు. వినేదాన్ని."